బస్సు ఎప్పుడొస్తుందో చెప్పలేనప్పుడు యాప్‌ను తప్పుపట్టి లాభం లేదు

సంపాదకులకు నమస్కారం.

విజయవాడలో, గుంటూరులో జనం సిటీ బస్సు మానేసి బైక్ టాక్సీలు, యాప్ ఆటోలు ఎక్కుతున్నారన్న మాట వచ్చినప్పుడల్లా రెండు కారణాలు వినిపిస్తుంటాయి. కుర్రకారు సుఖం మరిగారని ఒకరంటారు, చేతుల్లో డబ్బులు ఆడుతున్నాయని ఇంకొకరంటారు. ఈ రెండూ నిలిచే మాటలు కావు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు సున్నా టికెట్టే ఇస్తున్నారు. ఛార్జీయే అడ్డంకి అయివుంటే ఆ రోజు నుంచి యాప్ ఆటోల్లో ఆడవాళ్లు కనపడకూడదు. సాయంత్రం ఆరున్నరకు బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడి చూడండి. ఫోన్‌లో ఓటీపీ చదివి చెప్పి ఆటో ఎక్కేవాళ్లలో వాళ్లు తక్కువేమీ ఉండరు. ఊరికే వచ్చే బస్సును వదులుకుని డబ్బు పెట్టి మరీ ఆటో ఎక్కుతున్నారంటే, ఇంటికి ఎన్నింటికి చేరతామో ముందే తెలియడానికి ఆ డబ్బు కడుతున్నారు. ఆ ఒక్క హామీ బస్సు ఇవ్వలేకపోతోంది. ఎందుకు ఇవ్వలేకపోతోందో, ఇవ్వాలంటే ఏం చేయాలో వివరంగా చెప్పడానికే ఈ ఉత్తరం.

ఐదు కిలోమీటర్ల ప్రయాణాన్ని తీసుకుందాం. ఇంటి నుంచి స్టాప్‌కు 600 మీటర్లు, ఎనిమిది నిమిషాల నడక. బస్సు కోసం పావుగంట. రద్దీలో గంటకు 14 కిలోమీటర్ల వేగంతో 21 నిమిషాలు బస్సులో. దిగాక ఇంకో 400 మీటర్లు, ఐదారు నిమిషాలు. మొత్తం 50 నిమిషాలు. బైక్ టాక్సీ అయితే వచ్చేదాకా నాలుగైదు నిమిషాలు, ప్రయాణం పద్నాలుగు పదిహేను, అంటే 20 నిమిషాల్లోపే గుమ్మం నుంచి గుమ్మానికి. తేడా అరగంట. బైక్‌కు బస్సు కన్నా 30 రూపాయలు ఎక్కువైందనుకున్నా, నిమిషానికి రూపాయి పడింది. రోజు కూలి మీదో, కమీషన్ మీదో బతికే మనిషికి కూడా ఈ లెక్క గిట్టుబాటే. ఇద్దరు కలిసి వెళ్తే యాప్ ఆటో ఛార్జీ సగమవుతుంది, ముగ్గురైతే ఇక బస్సు సంగతి ఆలోచించే పనే ఉండదు.

ఆ 50 నిమిషాల్లో బస్సు కదిలింది 21 నిమిషాలే. పోగొట్టుకున్నదంతా నడకలోనూ, నిలబడడంలోనూ. నడక జనం ఓర్చుకుంటారు, అది ఎంతసేపో తెలుసు కాబట్టి. ఎంతసేపో తెలియని నిలబడడాన్ని ఓర్చుకోలేరు.

నిలబడే సమయం ఎలా పెరుగుతుందో చాలామందికి, నిర్ణయాలు తీసుకునేవాళ్లతో సహా, సరిగా తెలియదు. అందుకే కాస్త లెక్కలోకి వెళ్తున్నాను. ఒక స్టాప్‌కు గంటకు నాలుగు బస్సులున్నాయి. సరిగ్గా 15 నిమిషాలకొకటి వస్తే, వేళ చూసుకోకుండా వచ్చిన ప్రయాణికుడు సగటున ఏడున్నర నిమిషాలు ఆగుతాడు. అవే నాలుగు బస్సులు 40, 10, 5, 5 నిమిషాల ఎడంతో వస్తే? ఒక్కో ఎడాన్ని దానితోనే గుణించి, అన్నీ కూడి, మొత్తం నిమిషాల రెట్టింపుతో భాగించాలి. 1600, 100, 25, 25 కలిపితే 1750. దాన్ని 120తో భాగిస్తే 14.6. బస్సులు అవే నాలుగు, డ్రైవర్లు వాళ్లే, డీజిల్ అంతే, ఆగే సమయం మాత్రం ఇంచుమించు రెట్టింపు. పైగా ఆ గంటలో స్టాప్‌కు వచ్చినవాళ్లలో మూడింట రెండొంతుల మంది 40 నిమిషాల ఎడంలోనే చిక్కుకుంటారు. డిపో రికార్డులో మాత్రం నాలుగు ట్రిప్పులూ నడిచినట్టే ఉంటుంది. రికార్డులో తప్పు లేదు, జనం ఫిర్యాదులోనూ తప్పు లేదు. కొలవాల్సింది ట్రిప్పుల సంఖ్యను కాదని ఎవరూ అనుకోకపోవడమే తప్పు.

బస్సులు జతలు జతలుగా రావడం డ్రైవర్ల నిర్లక్ష్యం అనుకుంటారు. అదీ సరికాదు. ముందున్న బస్సు రైల్వే స్టేషన్ దగ్గరో, కాళేశ్వరరావు మార్కెట్ దగ్గరో నాలుగు నిమిషాలు ఆలస్యమైందంటే, తర్వాతి స్టాపుల్లో దానికోసం ఎదురుచూసే జనం ఆ మేరకు పెరుగుతారు. ఒక్కొక్కరు ఎక్కడానికి మూడు సెకన్లు వేసుకున్నా, ఐదుగురు ఎక్కాల్సిన చోట పాతికమంది ఎక్కితే స్టాప్‌కు ఒక నిమిషం అదనం. పన్నెండు స్టాపులకు పన్నెండు నిమిషాలు. వెనక బస్సుకు జనం తక్కువ కాబట్టి అది చకచకా వచ్చి ముందు బస్సును అందుకుంటుంది. ఒకటి ఫుట్‌బోర్డు దాకా కిక్కిరిసి, రెండోది సగం ఖాళీగా, రెండూ ఒకే స్టాప్‌లో. నిర్మలా కాన్వెంట్ దగ్గరో పటమటలోనో నిలబడ్డ మనిషికి ఆ రెండూ కలిపి ఒక బస్సే.

దీనికి టికెట్ల పని తోడవుతుంది. బస్సు నిండా జనం ఉన్నప్పుడు కండక్టర్ వెనక నుంచి ముందుకు రావడమే కష్టం. ఆడవాళ్లకు సున్నా టికెట్ అన్నా సరే, ఆధార్ చూడాలి, ఎక్కడ దిగుతారో అడగాలి, మిషన్‌లో కొట్టాలి, కాగితం చేతికివ్వాలి. స్టేజీ దాటేలోపు అందరికీ టికెట్లు పడకపోతే చెకింగ్‌లో మాట పడేది కండక్టరే. అందుకని స్టేజీకి ముందు బస్సు పక్కకు తీయించి, ‘టికెట్లు అయ్యాక పోదాం’ అంటారు. రెండు మూడు నిమిషాలు అలా పోతాయి. లోపల ఉక్కపోతలో జనం డ్రైవర్ మీద కేకలేస్తారు. డ్రైవర్ చేయగలిగింది ఏమీ లేదు, కండక్టర్ చేస్తున్నదీ తన పనే. ఉచిత ప్రయాణం ఇచ్చినప్పుడు దానికి తగ్గట్టు టికెట్ ఇచ్చే పద్ధతి మార్చకపోవడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. పథకం మంచిదే. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకూ, బీసెంట్ రోడ్డు, వన్‌టౌన్ బట్టల కొట్లలో నిలబడి ఉద్యోగం చేసే ఆడపిల్లలకూ అది నెలకు వందల రూపాయలు మిగులుస్తోంది. వాళ్లు ఎక్కే బస్సు వేళకు రావాలి కదా.

ఇక వేగం. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి బందరు రోడ్డు మీదుగా పెనమలూరు దాకా 12 కిలోమీటర్లనుకుందాం. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోను 48, రాను 48 నిమిషాలు. రెండు కొసల్లో ఆరేసి నిమిషాలు ఆగితే మొత్తం 108. పది నిమిషాలకో బస్సు నడపాలంటే 11 బస్సులు కావాలి. రోడ్డు మీద ఆటోలు, బైకులు పెరిగి వేగం 12కు పడిపోతే అదే చుట్టు 132 నిమిషాలు. ఆ 11 బస్సులతో ఇక 12 నిమిషాలకొకటే నడుస్తుంది. పది నిమిషాలు నిలబెట్టాలంటే 14 కావాలి. అంటే వేగం మూడు కిలోమీటర్లు తగ్గడం, మూడు బస్సులు పోగొట్టుకోవడం ఒకటే. బస్సులో 40 మంది పట్టే చోట, ఆటోకు ఒకరిద్దరి చొప్పున పాతిక ముప్పై ఆటోలు కావాలి. బస్సు దిగి ఆటో ఎక్కిన ప్రతి మనిషీ తాను వదిలేసిన బస్సును ఇంకాస్త నెమ్మది చేస్తున్నాడు. ఆయన్ని నిందించలేం, కానీ లెక్క మాత్రం అదే.

విజయవాడ నేల తీరు కూడా బస్సుకు అనుకూలం కాదు. మూడు కాలువలు, మధ్యలో రైలు పట్టాలు, చుట్టూ కొండలు. ఎటు నుంచి ఎటు వెళ్లాలన్నా నాలుగైదు వంతెనలు, అండర్ బ్రిడ్జిల దగ్గరికే అందరూ రావాలి. కొండల మీద మెట్ల దారుల్లో ఉండేవాళ్లకూ, పాయకాపురం, వాంబే కాలనీ లోపలి వీధులకూ బస్సు వెళ్లదు, వెళ్లలేదు. బైక్ వెళ్తుంది. దానికి మించిన చిక్కు రూట్లది. మన సిటీ రూట్లు ఎక్కువగా బస్టాండు, మార్కెట్ చుట్టూ అల్లుకున్నవి. ఒకప్పుడు పనులన్నీ గవర్నర్‌పేట, వన్‌టౌన్‌లలోనే ఉండేవి కాబట్టి అది సరిపోయింది. ఇప్పుడు కాలేజీలు కానూరులో, వర్క్‌షాపులు ఆటోనగర్‌లో, షోరూములు ఎనికేపాడు దాకా. సింగ్‌నగర్ నుంచి ఆటోనగర్ వెళ్లే మెకానిక్ ఊరి మధ్యలోకి వచ్చి బస్సు మారాలి. రెండుసార్లు నిలబడడం, రెండు టికెట్లు. యాప్ ఆటో ఇన్నర్ రింగ్ రోడ్డు పట్టుకుని రామవరప్పాడు మీదుగా తిన్నగా దించుతుంది.

రాత్రి సంగతి వేరే చెప్పాలి. బట్టల కొట్లు, ఫ్యాన్సీ షాపులు కట్టేసేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. సిటీ బస్సులు పలచబడేదీ ఆ వేళకే. రైల్వే జంక్షన్‌లో రాత్రంతా రైళ్లు దిగుతూనే ఉంటాయి. ఆ వేళల్లో యాప్‌కు పోటీ బస్సు కాదు, బేరమాడే ఆటో. మన రెండు ఊళ్లలోనూ ఆటో మీటర్ మీద నడిచే అలవాటు లేదు. ముసలివాళ్లు, కొత్తవాళ్లు, ఒంటరి ఆడపిల్లలు ఎంత అడిగితే అంత ఇవ్వాల్సిందే. ఎక్కకముందే ఛార్జీ తెరమీద కనిపించడం, బండి నంబరు, డ్రైవర్ పేరు తెలియడం, ప్రయాణం ఎక్కడుందో ఇంట్లోవాళ్లు చూసుకోగలగడం వాళ్లకు పెద్ద ధైర్యం. ప్రభుత్వం బిగించలేకపోయిన మీటర్‌ను ఫోన్ బిగించిందనే చెప్పాలి.

అలాగని యాప్‌లో అంతా సవ్యంగా ఉందని కాదు. బుక్ చేయగానే ‘ఎక్కడికండీ? క్యాషా, ఆన్‌లైనా?’ అని ఫోన్ వస్తుంది, తర్వాత క్యాన్సిల్ అవుతుంది. డ్రైవర్ వైపు చూస్తే దానికీ కారణముంది. మూడు కిలోమీటర్ల బేరానికి రెండు కిలోమీటర్లు ఖాళీగా రావాలి. దించిన చోట మళ్లీ బేరం దొరకకపోతే తిరుగు దారీ ఖాళీయే. పైగా కొన్ని యాప్‌లు ఆటోలకు కమీషన్ ఎత్తేసి రోజుకింత అని ఫీజు పెట్టాయి. ఫీజు కట్టేశాక ఏ బేరం తీసుకోవాలో, ఏది వదలాలో డ్రైవర్ ఇష్టం. వాన పడిందా, రేటు పైకి లేస్తుంది. కేంద్ర రవాణా శాఖ 2025 జులైలో అగ్రిగేటర్లకు, అంటే ఈ యాప్ కంపెనీలకు, కొత్తగా ఇచ్చిన మార్గదర్శకాలు రద్దీ వేళ ఛార్జీని బేస్ ఛార్జీకి రెట్టింపు దాటనివ్వవు. సరైన కారణం లేకుండా రద్దు చేస్తే ఛార్జీలో 10 శాతం, 100 రూపాయలు మించకుండా జరిమానా అంటాయి. తెల్ల నంబర్ ప్లేటు సొంత బైకులను టాక్సీలుగా తిప్పాలంటే రాష్ట్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి. బేస్ ఛార్జీ ఎంతో కూడా రాష్ట్రమే ప్రకటించాలి. బైక్ టాక్సీ ఎక్కేవాళ్లు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరి. ఇచ్చే డ్రైవర్లు తక్కువ, అడిగే ప్రయాణికులు ఇంకా తక్కువ. సొంత వాడకానికని బీమా చేయించిన బండిని కిరాయికి తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర పేచీ రావచ్చు.

బస్సును బాగుచేయాలంటే ముందు గతంలో ఏం పాడైందో చూడాలి. సత్యనారాయణపురం మీదుగా వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు కళ్లముందే ఉంది. బస్సులకని నడిమధ్య లేన్లు వదిలారు, అనుకున్న పని వాటితో జరగలేదు. అది ఊరి ప్రధాన రద్దీ దారుల నుంచి విడిపోయిన ముక్క. రెండు కొసల్లోనూ బస్సు మళ్లీ మామూలు ట్రాఫిక్‌లోనే కలవాలి. సిగ్నల్ దగ్గర బస్సుకు ముందు దారి ఇచ్చే ఏర్పాటు లేదు. మధ్యలో ఉన్న స్టాప్‌కు వెళ్లాలంటే వేగంగా పోయే బండ్లను దాటుకుని నడవాలి. లేన్ ఎక్కడ ఖాళీ ఉందో అక్కడ కాకుండా, బస్సు ఎక్కడ ఇరుక్కుంటోందో అక్కడ వేయాలి. బందరు రోడ్డు మొత్తానికి అక్కర్లేదు. పెద్ద కూడళ్లకు ముందు 150, 200 మీటర్లు ఎడమ లేన్‌ను ఉదయం ఎనిమిది నుంచి పది, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది బస్సుకు వదిలితే, సిగ్నల్ దగ్గర పోయే సమయంలో పెద్ద భాగం తిరిగి వస్తుంది.

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇంకొకటుంది. బస్సులను టైమ్ టేబుల్ ప్రకారం కాకుండా ఎడం ప్రకారం నడపడం. రద్దీ రూటులో రెండు చోట్ల, బెంజ్ సర్కిల్ దగ్గర ఒకరు, కానూరు దగ్గర ఒకరు, ట్యాబ్ పట్టుకున్న కంట్రోలర్ ఉండాలి. ముందు బస్సు ఎంత దూరంలో ఉందో చూసి, దగ్గరగా వచ్చిన వెనక బస్సును రెండు మూడు నిమిషాలు ఆపాలి. అంతే. ఆ బస్సులో కూర్చున్నవాళ్లు విసుక్కుంటారు, నిజమే. కానీ ఎడం సరిగ్గా ఉంటే ముందు స్టాపుల్లో నిలబడ్డ వందలమందికి సగం ఎదురుచూపు తగ్గుతుంది. ఇలా నడిపిన రోజు డ్రైవర్‌ను ‘ఆలస్యం’ కింద పట్టుకోకూడదు. ఆ రూల్ మార్చకపోతే ఎవరూ ఆపరు.

టికెట్లకు రద్దీ వేళల్లో గ్రౌండ్ బుకింగ్ పెట్టాలి, అంటే బస్సు ఎక్కకముందే స్టాప్‌లో టికెట్ ఇవ్వాలి. పండగ రోజుల్లో బస్టాండులో చేసేదే, బెంజ్ సర్కిల్, రైల్వే స్టేషన్ లాంటి నాలుగైదు స్టాపుల్లో రోజూ చేయాలి. సున్నా టికెట్ కూడా అక్కడే కొట్టి ఇస్తే, లోపల కండక్టర్‌కు మిగిలేది దారిలో ఎక్కినవాళ్లే. స్టేజీ దగ్గర బస్సు పక్కకు తీసే అవసరం చాలావరకు పోతుంది.

స్టాప్ గురించి కొంచెం వివరంగా. 12 మీటర్ల బస్సు ఫుట్‌పాత్‌కు ఆనుకుని ఆగాలంటే ముందూ వెనకా కలిపి కనీసం మరో పాతిక మీటర్ల ఖాళీ కావాలి. అక్కడ నాలుగు ఆటోలు నిలబడితే బస్సు రెండో వరసలో ఆగుతుంది. ముసలాయన దిగి ఆటోకు, బైక్‌కు మధ్య నుంచి దారి వెతుక్కోవాలి. వెనక ట్రాఫిక్ మొత్తం ఆగుతుంది. ఆటోలను తరిమితే పోవు, రెండో రోజు మళ్లీ వస్తాయి. స్టాప్ దాటాక 30 మీటర్లకు వాటికి గీత గీసి చోటివ్వాలి. బస్సు దిగినవాళ్లను లోపలి వీధులకు చేర్చేది వాళ్లే కాబట్టి అక్కడ ఉండడం అందరికీ మంచిది. షేర్ ఆటోలను బస్సుకు శత్రువులుగా చూసి ముప్పై ఏళ్లలో సాధించింది లేదు. లోపలి కాలనీ నుంచి రోడ్డు మీది స్టాప్ దాకా అని రూటు పర్మిట్ ఇస్తే వాళ్ల బతుకూ నిలుస్తుంది.

ప్రతి స్టాప్‌లో ఒక బోర్డు ఉండాలి. ఏ రూట్లు ఆగుతాయి, ఎటు వెళ్తాయి, మొదటి బస్సు, చివరి బస్సు, మధ్యలో ఎన్ని నిమిషాలకొకటి. ఇనుప రేకు మీద రంగు రాతలు చాలు, డిజిటల్ తెరలు అక్కర్లేదు. తెర పాడైతే బాగుచేసేవాళ్లుండరు. బస్సు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే ఏర్పాటు ఆర్టీసీకి ఇప్పటికే ఉంది. ఆ సమాచారం జనం రోజూ వాడే మ్యాపుల్లోకి రావాలి. దానికి జీటీఎఫ్ఎస్ అనే ఉమ్మడి పద్ధతి ఉంది: స్టాపులు, రూట్లు, ట్రిప్పులు, ఏ స్టాప్‌కు ఏ వేళ అన్నవి విడివిడి ఫైళ్లుగా ఇస్తారు. ఢిల్లీ 2018లోనే తన బస్సుల సమాచారాన్ని ఇలా బయటపెట్టింది. ఇందులో పొరపాటు జరిగే చోటు ఒకటే. దసరా రద్దీకో, సభకో బస్సులను స్పెషల్స్‌గా పంపినప్పుడు రద్దయిన ట్రిప్పులను ఫైల్‌లోంచి తీయరు. మ్యాపులో బస్సు వస్తున్నట్టు కనిపిస్తుంది, రోడ్డు మీద రాదు. అలా రెండుసార్లు మోసపోయిన మనిషి మూడోసారి నమ్మడు. రోజూ ఉదయం ట్రిప్పుల జాబితా సరిచేసే బాధ్యత డిపోలో ఒకరికి అప్పగించాలి.

బస్సులు చాలినన్ని లేవన్న మాటా నిజమే. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ సేవా ప్రమాణాల ప్రకారం వెయ్యి జనాభాకు 0.6 బస్సు ఉంటే మొదటి స్థాయి, 0.2కు తగ్గితే అట్టడుగున నాలుగో స్థాయి. 2011 జనాభా లెక్కల్లోనే పది లక్షలు దాటిన విజయవాడకు మొదటి స్థాయి అంటే 600కు పైగా సిటీ బస్సులు. అవే ప్రమాణాల్లో సగటున 4 నిమిషాల్లోపు బస్సు దొరికితే మొదటి స్థాయి, 10 నిమిషాలు దాటితే నాలుగోది. కేంద్రం ఎలక్ట్రిక్ బస్సుల పథకం పీఎం ఈ-బస్ సేవ కింద వచ్చే బస్సుల్లో 12 మీటర్లవే కాకుండా 9 మీటర్లవి కూడా తీసుకోవాలి. ఆ పథకంలో అందుకు వీలుంది. చిట్టినగర్, సింగ్‌నగర్ లోపలి రోడ్లలో మలుపు తిరగగలిగేవి అవే. మెట్రో రైలు సంగతి అంటారా, బస్టాండు నుంచి గన్నవరం, పెనమలూరు వైపు రెండు దారులు అనుకుంటున్నారు. అది పూర్తయినా స్టేషన్ దాకా జనాన్ని తెచ్చేది బస్సే. అప్పటిదాకా ఆగి చూద్దామనడం గాలిలో దీపం పెట్టడమే.

గుంటూరుది ఇంకా సున్నితమైన పరిస్థితి. అక్కడ సిటీ బస్సు మొదటి నుంచీ పలచనే, ఊరిని నడిపింది షేర్ ఆటోలు. అరండల్‌పేట, బ్రాడీపేట వైపు వెళ్లడానికి రైలు పట్టాలు దాటే దారులే తక్కువ. శంకర్ విలాస్ వంతెన పనులతో అవి ఇంకా ఇరుకయ్యాయి. ఈ స్థితిలో ఊరంతా బస్సులు తిప్పాలని చూస్తే దేనికీ చాలవు. ఎన్టీఆర్ బస్టాండు నుంచి లక్ష్మీపురం వైపు ఒకటి, అమరావతి రోడ్డు వైపు ఒకటి, రెండే రూట్లు ఎంచుకుని పది నిమిషాలకొకటి తప్పకుండా నడపడం మేలు. విజయవాడ–గుంటూరు మధ్య బస్సులకు కొదవ లేదు, దిగాక ఇంటికి చేరే చివరి మూడు కిలోమీటర్లే జనం జేబుకు చిల్లు పెడుతున్నాయి.

విజయవాడలో ముందు బందరు రోడ్డు మీద మూడు నెలలు చేసి చూడమని అధికారులను కోరుతున్నాను. పది నిమిషాల ఎడం, ఇద్దరు కంట్రోలర్లు, నాలుగు చోట్ల గ్రౌండ్ బుకింగ్, ప్రతి స్టాప్‌కు రేకు బోర్డు. కొత్త బస్సులు కొనకముందే ఇవి చేయొచ్చు. కొలవాల్సినవి రెండు: ప్రతి స్టాప్‌లో వరుస బస్సుల మధ్య నిజంగా ఉన్న ఎడం, నిండిపోయి ఆపకుండా వెళ్లిన బస్సుల లెక్క. ఈ రెండు అంకెలనూ నెలకోసారి మీ పత్రికలో వేయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ